మా నాయినమ్మ నెత్తిన బిషప్పు చెయ్యి

మా నాయినకు రెండు పేర్లు. గుడిలో పెట్టిన పేరు డోర్నకల్ బిషప్పుగారిది. బడి రిజిస్టరులో రాసిన పేరు కొమురెల్లి మల్లన్నది. మొదటి పేరుతో పిలిస్తే ఇప్పటికీ చటుక్కున తల తిప్పుతాడు. రెండో పేరుతో పిలిస్తే ఎవరో ఆఫీసు మనిషి వచ్చిండనుకొని భుజం మీది తువ్వాల సర్దుకుంటాడు.

ఆ రెండో పేరు పెట్టింది ఒక పంతులు. చెడ్డ మనిషేం కాదట. "కిరస్తానం పేరు రాస్తే రేపు పిల్లగానికి స్కాలర్‌షిప్ రాదు పెద్దమ్మా" అని నాయినమ్మకు చెప్పి మరీ రాసిండట. ఆ స్కాలర్‌షిప్ మా నాయినకు ఎట్లాగూ రాలేదు, ఐదో తరగతి దాటితే గదా! కానీ ఆ పేరు మిగిలింది. దాని వెనకాల నేను చదివిన, ఉద్యోగం తెచ్చుకున్న, సాంఘికశాస్త్రం పంతులునైన. మా వాడలో డిగ్రీ పట్టా పట్టుకున్న మొదటివాణ్ణి నేనే. పన్నెండేళ్లుగా పిల్లలకు చరిత్ర చెప్తున్న. మా నాయినకు పేరిచ్చిన మనిషి గురించి చెప్పే సందర్భం మాత్రం నాకు ఏ పాఠంలోనూ దొరకలేదు. అందుకే ఇక్కడ చెప్తున్న.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య. మా వాడలో కొందరు ఆయన్ను మాలాయన అనుకునేవాళ్లు, కొందరు మాదిగాయన అనుకునేవాళ్లు. "అంత తెలివైన మనిషి ఏ బాపనాయననో అయ్యుంటడు" అనే అమాయకులూ ఉన్నారు. మూడూ కాదు. ఆయన తమిళుడు. 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి సీమలో వెళ్లాలన్‌విళై అనే పల్లెలో పుట్టాడు. కులం నాడార్. ఇవ్వాళ నాడార్లంటే వ్యాపారాలు, కాలేజీలు, పత్రికలు గుర్తొస్తాయి. అప్పుడు వాళ్లను షాణార్లు అనేవాళ్లు, తాటిచెట్టెక్కి కల్లు గీసేవాళ్లు. గుడి లోపలికి రానిచ్చేవాళ్లు కాదు. పక్కనున్న తిరువాన్కూరులో వాళ్ల ఆడోళ్లు రవిక తొడుక్కోవటానికి దశాబ్దాలపాటు కొట్లాడాల్సి వచ్చింది. 1859లో గాని రాజు దిగిరాలేదు. అట్లాంటి కులంలోంచి వాళ్ల నాయిన తామస్ వేదనాయగం 1839లో క్రైస్తవం తీసుకొని, చదువుకొని, పల్లె గుడికి అయ్యగారయ్యాడు.

కాబట్టి ఆయన మనోడా కాదా అనే ప్రశ్నకు నా దగ్గర ఉన్న జవాబు ఇది. మనంత కిందివాడు కాదు, కానీ కింద ఉండుడు అంటే ఏందో ఇంట్లో విన్నవాడు. నాకు అది చిన్న సంగతిగా అనిపించదు. అట్లని దాన్ని పెద్దది చేసి ఆయన్ను దళితుణ్ణి చెయ్యను. మనకు పెద్దమనుషుల కొరత ఉందని ఎవర్ని పడితే వాళ్లను దత్తత తీసుకోవద్దు.

పదిహేనేళ్లప్పుడు నాయిన పోయిండు. తల్లి ఎలెన్ పెంచింది. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివాడు గాని బి.ఏ. పట్టా రాలేదు, పరీక్షల ముందర జబ్బు పడ్డాడు. మళ్లీ రాయలేదు. 1920లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. నేను డిగ్రీలో ఇంగ్లీషు పేపరు రెండుసార్లు తప్పి మూడోసారి పాసైన, ఆ పట్టా కాయితానికి మా నాయిన ప్లాస్టిక్ కవరు తొడిగించి దూలానికి వేలాడదీసిండు. పట్టా లేని మనిషికి కేంబ్రిడ్జి ఎదురొచ్చింది!

ఇరవై ఏండ్లు దాటిన కొత్తలోనే వై.ఎం.సి.ఏ.లో పనికి కుదిరాడు. షేర్‌వుడ్ ఎడ్డీ అనే అమెరికన్ ఆయనకు జీవితాంతం స్నేహితుడు. 1902లో సిలోనులోని జాఫ్నా పోతే, అక్కడి తమిళ క్రైస్తవులు సొంత డబ్బులు పెట్టుకొని బయటి ఊళ్లకు బోధకుల్ని పంపటం చూశాడు. మన దేశంలో క్రైస్తవులు లక్షల్లో ఉన్నరు, ఈ పని ఎందుకు చెయ్యరు అని సిగ్గుపడ్డాడు. 1903లో తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. తెల్లోళ్ల పైసా లేకుండా, తెల్లోళ్ల పెత్తనం లేకుండా నడవాలన్నది దాని పంతం. 1905 క్రిస్మస్ నాడు శ్రీరాంపూర్‌లో దేశం మొత్తానికి నేషనల్ మిషనరీ సొసైటీ పెట్టారు, దానికి ఆయనే కార్యదర్శి. బెంగాల్లో వందేమాతరం ఊరేగింపులు నడుస్తున్న ఏడాది అది. స్వదేశీ అనే మాట గుళ్లలోకి కూడా వచ్చిందన్నమాట. మన పాఠాల్లో స్వదేశీ అంటే విదేశీ బట్టల మంటలే.

ఆ తిరునెల్వేలి సొసైటీ ఎంచుకున్న చోటు మా దిక్కు. నిజాం రాజ్యం, ఓరుగల్లు సుబా, డోర్నకల్. సింగరేణి బొగ్గు కోసం రైలు పట్టాలు చీలిన జంక్షన్ అది. చుట్టూ అడవి, మలేరియా, దొరలు, వెట్టి. మాదిగోడు చెప్పులు కుట్టియ్యాలి, మోటబొక్కెన కుట్టియ్యాలి, చావుకు డప్పు కొట్టాలి, చచ్చిన గొడ్డును మోయాలి, దేనికీ కూలి అడగొద్దు. 1909లో అజరయ్య దేశమంతా తిరిగే పెద్ద ఉద్యోగం వదులుకొని, గురువుగా అభిషేకం పొంది, పెళ్లాం అన్బు అమ్మగారిని, పిల్లల్ని తీసుకొని అక్కడికి వచ్చాడు. ముప్ఫై అయిదేళ్ల వయసులో తెలుగు అక్షరాలు దిద్దుకున్నాడు. మేము మా పిల్లలకు అ ఆ లు నేర్పటానికి పడే తిప్పలు చూస్తుంటే, ఆ వయసులో ఆ పని మామూలుది కాదని తెలుస్తది.

తరువాతి ఏడు, 1910లో, స్కాట్లండులోని ఎడింబరోలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగింది. పన్నెండు వందలమందికి పైగా వచ్చారు, నల్లముఖాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అక్కడ అజరయ్య లేచి మాట్లాడాడు. మీరు మా కోసం ఆస్తులిచ్చారు, ఒళ్లు కాల్చుకున్నారు, అందుకు దండం, కానీ మీరు మాతో స్నేహం చెయ్యలేదు అన్నాడు. ఏండ్ల తరబడి కలిసి పనిచేసిన దేశీయుడి ఇంటికి భోజనానికి పోని దొరల సంగతి చెప్పాడు. చివరికి, మేము ప్రేమను కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అని అడిగాడు. సభలో చాలామందికి ముఖాలు మాడిపోయాయి. అప్పటికి ఆయన చిన్న గురువు, వాళ్ల దయ మీద బతకాల్సినవాడు.

ఈ ఉపన్యాసం నేను మొదటిసారి చదివింది ఒక అద్దె ఇంట్లో కూర్చొని. ఆ ఇల్లు దొరికిన తీరు చెప్పాలి. మండల కేంద్రంలో పోస్టింగు వచ్చిన కొత్తల్లో ఇల్లు వెతుక్కుంటూ తిరిగిన. ఒకాయన గదులు చూపించి, బావి చూపించి, మెల్లగా "సారు, మీరేవిట్లు?" అన్నడు. "క్రిస్టియన్స్" అన్న. "ఓహో, ఎస్సీలా" అన్నడు. ఇంటికి బంధువులొస్తున్నారని అప్పుడే యాదికొచ్చింది ఆయనకు. నాలుగో ఇంటాయన ఇచ్చాడు, ఆయన ముస్లిం. ఇల్లు ఇచ్చేవాళ్లకు క్రిస్టియన్ అంటే ఎస్సీ అని వినిపిస్తది. సర్కారుకు మాత్రం క్రిస్టియన్ అంటే ఎస్సీ కాదని వినిపిస్తది. ఈ సంగతికి మళ్లీ వస్తాను.

1912 డిసెంబర్ 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లో అజరయ్యను బిషప్పును చేశారు. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు. మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ పట్టుబట్టి చేయించాడు. నల్లవాడి చేతికింద పనిచేసుడా అని తెల్ల మిషనరీల్లో చాలామంది గునిశారు. అందుకే మొదట్లో ఆయనకు ఇచ్చిన అధ్యక్షఖండం చిన్నది. 1920ల మొదట్లో కృష్ణా జిల్లా వైపు చర్చిలన్నీ కలిసినంక గాని అది పెద్దది కాలేదు. అప్పటినుంచి ఇంగ్లీషు దొరలు, దొరసానులు కూడా ఆయన కిందకు వచ్చారు. ఇంకో సంగతి. 1912 నుంచి 1945లో చచ్చేదాకా, ముప్ఫై రెండేళ్లు, సొంత అధ్యక్షఖండం ఉన్న భారతీయ ఆంగ్లికన్ బిషప్పు ఆయన ఒక్కడే. తలుపు తెరిచి ఒకణ్ణి లోపలికి తీసుకొని మళ్లీ గడియ పెట్టుడు అంటే ఇదే. ఆఫీసుల్లో మనం చూస్తలేమా?

ఇక్కడ చదువుకునే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట గట్టిగా చెప్పాలె. మిషనరీలు వచ్చి మనల్ని మార్చిన్రని అటు తిట్టేటోళ్లూ చెప్తారు, ఇటు పొగిడేటోళ్లూ చెప్తారు. జరిగింది తిరగబడ్డ కథ. 1841లో మచిలీపట్నం వచ్చిన నోబుల్ దొర బ్రాహ్మల పిల్లల కోసం బడి పెట్టాడు. పైకులాలు మారితే కింది కులాలు వాటంతటవే వస్తాయని ఆ దొరల లెక్క. ఆ లెక్క తప్పించింది మనోళ్లు. కృష్ణా జిల్లా రాఘవాపురంలో పగోలు వెంకయ్య అనే మాల పెద్ద తనే దేవుణ్ణి వెతుక్కుంటూ దొరల దగ్గరకు పోయాడు, 1859లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఒంగోలు దిక్కు ఎర్రగుంట్ల పేరయ్య, మాదిగ, తోళ్ల వ్యాపారం చేసుకునే మనిషి, 1866లో తీసుకున్నాడు. ఆయన నడిచిన దారినే వేలమంది నడిచారు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది నీళ్లలో మునిగారు. దొరలు కోరుకున్నది అగ్రహారాన్ని. వాళ్ల గడప తొక్కింది గూడేలు. అజరయ్య వచ్చేనాటికే ఈ ఏరు పారుతున్నది. ఆయన చేసింది గట్లు పోసుడు, కాలువలు తీసుడు.

ఆ కాలువలు ఏమిటంటే, ఊరూరికి ఒక ఉపదేశి. బోధకుడూ వాడే, పంతులూ వాడే. ఎక్కువమంది మన కులాలవాళ్లే. 1930ల నడుమ నాటికి ఆయన కింద రెండు వందలకు పైగా దేశీయ గురువులు, రెండు వేల చిల్లర పల్లె పంతుళ్లు ఉన్నారు. సంఘం సుమారు రెండు లక్షలు దాటింది. పగలంతా దొరల దగ్గర జీతముండే పిల్లలకు రాత్రి గుడ్డిదీపం కింద చదువు. నిజాం సర్కారు చదువుల్లో ఉర్దూదే పెత్తనంగా ఉన్న కాలంలో మా వాడలో తెలుగు అక్షరం మొదట అట్లా మోగింది. బిషప్పు ఎడ్లబండి మీద ఊళ్లు తిరిగేవాడు. బాప్తిస్మం పొందిన ప్రతి మనిషినీ తన చెయ్యి తన నెత్తినే పెట్టుకొమ్మనేవాడు. ఈ సువార్త నేను చెప్పకపోతే నాకు శ్రమ అని పౌలు రాసిన మాటను వాళ్ల నోటితో అనిపించేవాడు. మతం సంగతి అటుంచండి. ఊళ్లో నోరెత్తితే చెప్పుదెబ్బ పడే మనిషి, పదిమంది ముందర, తన నెత్తిన తన చెయ్యి పెట్టుకొని, చెప్పటం నా బాధ్యత అంటున్నాడు. నేను క్లాసులో వెనక బెంచీ పిల్లను లేపి చదివించినప్పుడు, ఆ పిల్ల గొంతు మొదట వణికి తర్వాత నిలబడటం చూస్తాను. అది గుర్తొస్తది.

మా నాయినమ్మకు పది పదకొండేండ్లప్పుడు కన్ఫర్మేషన్ అయ్యింది. చెట్ల కింద పందిరి వేశారట. మామిడి తోరణాలు, కోలాటం. బిషప్పును అందరూ తండ్రిగారు అనేవాళ్లు. తెల్ల అంగీ, నల్లటి ముఖం. వరుసగా మోకాళ్ల మీద కూసున్నరు. "తండ్రిగారు నా నెత్తి మీద చెయ్యి పెట్టిండ్రా. నూనె లేని నెత్తి, మట్టి నెత్తి. రెండు చేతులు పెట్టిండు. చేతులు కడుక్కోలేదు." ఈ చివరి మాట ఆమె ఎప్పుడూ వదలకుండా చెప్పేది. చిన్నప్పుడు నాకు అందులో ఏముందో అర్థం కాలేదు. దొరసాని గడీ వెనక గుమ్మం దగ్గర దోసిలి పడితే పైనుంచి నీళ్లు పోసేవాళ్లని, ఆమె చెయ్యి తగిలిన గంపను పసుపునీళ్లతో కడిగేవాళ్లని తర్వాత ఇంకో రోజు, ఇంకో సందర్భంలో చెప్పింది. ఈ రెండు ముచ్చట్లను ఆమె ఎన్నడూ కలిపి చెప్పలేదు. కలపటానికి నాకు పాతికేళ్లు పట్టింది.

ఆమె పొయ్యి పక్కన ఒక మట్టిముంత ఉండేది. ఎసట్లో బియ్యం పోసే ముందర ఒక పిడికెడు తీసి అందులో వేసేది. ఆదివారం అది గుడికి పోయేది. ఇది బిషప్పు పెట్టిన క్రమశిక్షణే. బీదసంఘం కూడా తన గురువును తనే పోషించుకోవాలి, లండన్ కాదు అని ఆయన పట్టుదల. ఇచ్చుడు గురించి ఇంగ్లీషులో పుస్తకమే రాశాడు. బి.ఎడ్.లో ఉన్నప్పుడు, అన్ని ఉద్యమాల పుస్తకాలూ ఒకేసారి మింగిన వయసులో, నాయినమ్మతో కొట్లాట పెట్టుకున్న. "తిననీకి లేని ఇంట్లోంచి బియ్యం గుంజుకునుడు ఏం న్యాయమే? దొర గుంజుకున్నడు, బిషప్పూ గుంజుకున్నడు." ఆమె చేట పక్కన పెట్టి అన్నది, "దొర గుంజుకుంటే వెట్టి. నేను పెడితే కానుక. నీకు గింత చదువొచ్చి గది తెల్వదా?"

నేను ఓడిపోయిన. కానీ అన్ని విషయాల్లో ఓడిపోలేదు.

మా తాత డప్పు కొట్టేటోడు. చుట్టుపక్కల నాలుగూళ్లకు పేరు. సంఘంలో చేరినంక చచ్చిన గొడ్డు మాంసం మానాలె, సారా మానాలె, ఊరి దేవతల ముందర డప్పు మానాలె అన్నారు. మొదటి రెండూ మంచికే. మూడోదాంట్లో కూడా ఒక న్యాయం ఉంది, అది వెట్టి డప్పు, కొట్టనంటే కొడతారు. బతుకమ్మకు, బొడ్రాయికి, చావుకు దొర పిలిచినప్పుడు పోను అని చెప్పటానికి మా తాతకు బాప్తిస్మం ఒక కారణం ఇచ్చింది. కానీ డప్పు అంటే వెట్టి మాత్రమేనా? చేతుల్లో ఉన్న విద్య కాదా? ఆయన దాన్ని అటక మీద పెట్టిండు. చెదలు తిన్నది. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడి నుంచి మాదిగ దండోరా లేచి, డప్పును భుజానేసుకొని మనోళ్లు ఊరి నడుమ కొట్టినప్పుడు మా ఇంట్లో కొట్టొచ్చినవాడు ఎవడూ లేడు. నేను పెద్దయినంక పక్కూరి మనిషి దగ్గర నాలుగు దరువులు నేర్చుకున్న. కోతల పండుగలు, తెలుగు కీర్తనలు, కోలాటాలు గుళ్లోకి తెచ్చిన బిషప్పు, గుమ్మటాలూ మినార్లూ తామరపూల స్తంభాలూ కలిపి డోర్నకల్ కెథెడ్రల్ కట్టించిన బిషప్పు, మా తాత డప్పుకు కూడా ఒక మూల చూపించి ఉంటే బాగుండేది.

ఇంకో బాకీ ఉంది. గుడిలో ఒక్క గిన్నెలోంచే అందరూ ద్రాక్షరసం తాగాలన్నది ఆంగ్లికన్ పద్ధతి. ఆ గిన్నె దగ్గర మాల మాదిగ కలిశారు. గిన్నె అవతల కలవలేదు. మా ఊరి గుళ్లో ఎడమ చాప మనది, కుడి చాప వాళ్లది. ఎవరూ రాసిపెట్టలేదు, అందరికీ తెలుసు. ఒక అయ్యగారు ప్రార్థనకు మా ఇంటికొస్తే సొంత చెంబుతో నీళ్లు తెచ్చుకునేవాడు. "కడుపులో నొప్పి, మందు నీళ్లు" అనేవాడట. "మా బావి నీళ్లకే వచ్చేదిరా ఆ నొప్పి" అని నాయినమ్మ నవ్వేది. సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1న వర్గీకరణకు దారి తెరిచినప్పుడు మా సంఘంలో రెండు చాపల నడుమ దూరం ఇంకొంచెం పెరిగింది. ఇది రాస్తే బయటోళ్లకు అలుసైతమని కొందరు మిత్రులు అంటారు. అలుసు ఇప్పుడు కొత్తగా అయ్యేదేం కాదు.

ఈ బాకీ సంగతి అజరయ్యకు తెలుసు. 1935 అక్టోబరులో యేవలాలో అంబేద్కర్ నేను హిందువుగా పుట్టాను, హిందువుగా చావను అని ప్రకటించినంక అన్ని మతాల పెద్దలూ ఆయన చుట్టూ తిరిగారు. అజరయ్య కూడా మాట్లాడాడని, అంబేద్కర్ ఆయన్ను రెండు ప్రశ్నలు అడిగాడని చెబుతారు. మేము క్రైస్తవులమైతే దేశంలో ఎక్కడున్నా ఒకే సంఘంలో ఉంటామా, మీ సంఘాల్లో కులం లేదా? ఈ రెంటికీ అవునని చెప్పలేక జీవితంలో ఎన్నడూ పడనంత సిగ్గు పడ్డానని అజరయ్య అన్నాడట. ఆ మొదటి ప్రశ్న కోసమైతే ఆయన చానా కష్టపడ్డాడు. 1919లో తరంగంబాడి సభ నుంచి సంఘాల ఐక్యత కోసం పాటుపడుతూనే ఉన్నాడు. దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో పుట్టింది, చూడటానికి ఆయన లేడు. రెండో ప్రశ్న మా ఊరి గుడిలో ఎడమ చాపకూ కుడి చాపకూ నడుమ ఇంకా అట్లనే ఉంది.

గాంధీగారితో గొడవ కూడా ఆ రోజులదే. 1936 చివర్లో జాన్ మాట్ అనే అమెరికన్ మిషనరీ నాయకుడు గాంధీని కలిశాడు. ఎడింబరో సభకు అధ్యక్షత వహించింది ఈ మాట్ దొరే. హరిజనులకు మతం చెప్పుడు గురించి మాటొస్తే, ఆవుకు పోయి సువార్త చెప్తారా, గ్రహించే శక్తిలో కొందరు అంటరానివాళ్లు ఆవుకంటే కనాకష్టం అన్న అర్థంలో గాంధీ మాట్లాడాడు. అది ఆయన సొంత పత్రిక 'హరిజన్'లోనే అచ్చయింది. పగోలు వెంకయ్యకు, పేరయ్యకు, మా నాయినమ్మ తల్లికి బుద్ధి లేదన్నమాట! అజరయ్య నిలబడ్డది ఇక్కడే. ఈ మనుషులకు ఆత్మ ఉంది, ఆలోచన ఉంది, తమ దేవుణ్ణి తాము ఎంచుకునే హక్కు ఉంది అన్నాడు. జాతీయోద్యమాన్ని తిట్టకుండా, ఇంగ్లీషోళ్లను పొగడకుండా ఆ మాట అనటం ఆ రోజుల్లో కత్తిమీద సాము. సుసాన్ హార్పర్ అనే ఆవిడ 2000లో ఆయన మీద పెద్ద పుస్తకం రాసింది. దాని పేరులో కూడా మహాత్ముడి నీడ ఉంది. మన మనిషి కథ చెప్పాలన్నా ఆ నీడలో నిలబెట్టే చెప్పాల్సి వచ్చింది.

ప్రత్యేక నియోజకవర్గాల సంగతిలో అజరయ్య మీద నాకు చానా కాలం కోపం ఉండేది. క్రైస్తవులకు వేరే ఓట్లు, వేరే సీట్లు వద్దు, అట్లయితే సంఘం ఇంకో కులమైపోతది అన్నాడు. అంబేద్కర్ చెయ్యి విరిచి పూనా ఒడంబడిక మీద సంతకం పెట్టించిన 1932లో, సీట్లు వద్దనే విలాసం ఈయనకెక్కడిది అనుకున్న. తర్వాత 1936 నాటి షెడ్యూల్డ్ కులాల ఆర్డరు చదివిన. 1935 చట్టం క్రైస్తవులకు వేరే గడి గీసింది. ఆ మరుసటేడు ఆర్డరు, భారతీయ క్రైస్తవుడెవడూ షెడ్యూల్డు కులస్తుడు కాడు అని రాసింది. వేరే గడి ఇచ్చిన చేతితోనే ఇటు గడిలోంచి పేరు కొట్టేశారు. ఆయన వద్దన్నది ఇదంతా ముందే చూసి కాకపోవచ్చు. కానీ వద్దన్నాడు. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు అదే గోడను హిందువుల చుట్టూ కట్టింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ద్వారం తెరిచారు. మన క్రైస్తవ దళితుడు మన రాష్ట్రంలో బి.సి. 'సి' గ్రూపు, ఒక్క శాతం. దేవుడు మారితే కులం పోయిందని సర్కారు నమ్మకం. ఇల్లు అద్దెకిచ్చేటాయనకు లేని నమ్మకం.

ఇప్పుడు నా సంగతి. 2012 డీఎస్సీలో సెలెక్టయినంక కుల ధ్రువీకరణ విచారణకు ఊళ్లోకి మనిషి వస్తున్నాడని కబురొచ్చింది. పొద్దున్నే మా నాయిన గోడమీది యేసు క్యాలెండరు తీసిండు. అమ్మ సిలువను బియ్యం డబ్బాలో పెట్టింది. బైబిలు, కీర్తనల పుస్తకం నేనే తీసి చెల్లెలి పుస్తకాల సంచిలో దాచిన. గోడకు తెల్లటి చారలు మిగిలినయ్, వాటి మీద పక్కింటి నుంచి తెచ్చిన లక్ష్మీదేవి పటం తగిలించినం. నాయినమ్మకు అప్పటికి ఎనభై దగ్గర. మంచంలో కూసొని అంతా చూస్తున్నది. ఒక్క మాట అనలేదు. అంతా అయినంక పొయ్యి దిక్కు చెయ్యి చూపి అడిగింది.

"ముంత గూడ తియ్యాల్నారా?"

మట్టిముంతను చూసి మతం ఎవడు పోల్చుకుంటడు? "వద్దు నాయినమ్మా, అది ఉండనియ్" అన్న. వచ్చినాయన మంచివాడే. చాయ తాగిండు, రెండు ప్రశ్నలడిగిండు, సంతకం పెట్టుకొని పోయిండు. పటం తీసిన చోట క్యాలెండరు మళ్లీ తగిలించటానికి మాకు వారం పట్టింది. ఎవరమూ ముందుకు రాలేదు.

అజరయ్య 1945 జనవరి 1న డోర్నకల్‌లో చనిపోయాడు. కొత్తేడాది పొద్దున. మా నాయినమ్మ ఊరివాళ్లు రాత్రికి రాత్రి నడిచిపోయారట, ఆడోళ్లను, పిల్లల్ని తీసుకుపోలేదని ఆమెకు చచ్చేదాకా అలక. 1939 జనవరి 6న ప్రతిష్ఠ చేసిన ఆ కెథెడ్రల్‌కు నేను మొదటిసారి పోయింది ఆమెతోనే. స్తంభం మీది తామరపువ్వును తడిమి చూసి "మనోళ్ల పిడికిళ్లు" అన్నది. బియ్యం సంగతి అంటున్నదో, రాళ్లు మోసిన సంగతి అంటున్నదో అడగలేదు. 2014లో ఆమె పోయింది. అయ్యగారు వచ్చాడు, ప్రార్థన చేశాడు. సర్కారు కాయితాల్లో హిందువుగా చచ్చింది.

ఏటా జూన్‌లో మా బడిలో అడ్మిషన్లు రాసేది నేనే. మొన్న జూన్‌లో మాదిగవాడ నుంచి ఒక తల్లి పిల్లగాణ్ణి తీసుకొచ్చింది. పేరేందంటే బైబిలు పేరు ఒకటి చెప్పింది. నేను పెన్ను తీసేసరికి గాబరాపడి, "వద్దు సారూ, ఆధార్‌ల ఇంకోటి ఉన్నది. ఏది రాస్తే పిల్లగానికి మంచిగైతదో అది రాయి" అన్నది. పిల్లగాడు నా దిక్కే చూస్తున్నడు. "నిన్ను ఇంట్ల ఏమని పిలుస్తరురా?" అన్న. మొదటి పేరు చెప్పిండు, గట్టిగా. పేరు వేరు, కులం గడి వేరు, పేరును చూసి కులం తీసెయ్యనీకి లేదని ఆ తల్లికి అర్ధగంట కూసోబెట్టి చెప్పిన. ఆధార్ మార్పించుకునే సెంటరు ఎక్కడుందో కాయితం మీద రాసిచ్చిన. రిజిస్టరులో పేరు గడిలో పిల్లగాడు చెప్పిన పేరే రాసిన. మతం గడి దగ్గరికొచ్చి ఆమె ముఖం చూసిన. ఆమె నా ముఖం చూసింది. మా నాయినమ్మ మంచంలో కూసొని చూసినట్టే చూసింది.

నేను ఏం రాసిన్నో ఆమెకు తెలుసు.